శనివారం చివరి పీరియడ్: వార్తల పాఠం నేనెందుకు చెబుతున్నాను

"దీనివల్ల ట్రాన్స్‌ఫర్ పాయింట్లేమైనా వస్తాయా టీచర్?" అని మా స్టాఫ్ రూమ్‌లో చాలామందే అడిగారు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. నేను నెల్లూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలూ నేనూ కలిసి ఫోన్లకు వచ్చే వార్తలు, వీడియోలు, ఫార్వార్డ్‌లు ముందేసుకుని కూర్చుంటాం. ఏది నిజం, ఏది కాదు, ఎలా తెలుస్తుంది అని చూస్తాం. పై వాళ్లు దీన్ని మీడియా అక్షరాస్యత అంటారు. మా పిల్లలకు అది వార్తల పీరియడ్. సిలబస్‌లో లేదు, పరీక్షలో రాదు, పాయింట్లూ లేవు.

ఈమధ్య వేరే బడుల టీచర్లు ఫోన్ చేసి, మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం, ఏం చెప్పాలి, మెటీరియల్ ఉంటే పంపండి అంటున్నారు. పంపుతాను. కానీ ముందు ఒక మాట అడుగుతాను: మీకెందుకు ఇది చెప్పాలనిపించింది? ఆ జవాబును బట్టే వాళ్ల క్లాసు ఎలా నడవబోతోందో నాకు చాలావరకు అర్థమైపోతుంది. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసింది ఇదొక్కటే కాబట్టి, నా సంగతే ముందు చెబుతాను.

2018 వేసవి గుర్తుందా? పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు, కిడ్నీలు తీసేస్తున్నారు అంటూ వాట్సాప్ హోరెత్తిపోయిన రోజులు. ఊళ్లలో మగవాళ్లు కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాశారు. తమిళనాడులో, తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రెయిన్‌పాడాలో సంచార జాతికి చెందిన అయిదుగురు బలైపోయారు. ఆ తర్వాత రెండు వారాలకే బీదర్ జిల్లా ముర్కి దగ్గర, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ కుర్రాడొకణ్ని, సాఫ్ట్‌వేర్ ఇంజనీరును, కొట్టి చంపారు.

మా క్లాసులో ఒక ఎరుకల పిల్లవాడు ఉండేవాడు. వాళ్ల అమ్మానాన్న ఊరూరా తిరిగి, రాలిన జుట్టు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లు. ఆ వేసవిలో పక్క మండలంలో ఒక ఊరివాళ్లు వాళ్లిద్దర్నీ ఆపి, చెట్టుకు కట్టేశారు. పోలీసులు టైముకు రాబట్టి దెబ్బలతో బయటపడ్డారు. కానీ ఎవరో వీడియో తీశారు. ‘దొంగలు దొరికారు, అందరికీ షేర్ చేయండి’ అని కింద రాసి వదిలారు. జూన్‌లో బడి తెరిచేసరికి ఆ వీడియో మా ఊరి గ్రూపులన్నిట్లో ఉంది. పిల్లలందరూ చూసేశారు. వాడు మొదటిరోజు వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. పక్కన ఎవరూ కూర్చోలేదు. వారం తిరక్కుండానే బడి మానేశాడు.

ఆ వీడియోను పంపినవాళ్లలో నా పాత విద్యార్థులున్నారు. టెన్త్‌లో సోషల్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు, డిగ్రీ చదువుతున్నవాళ్లు. ఒకణ్ని పిలిచి అడిగాను, ఎందుకు పంపావయ్యా అని. "నిజమో కాదో తెలీదు టీచర్, ఎందుకైనా మంచిదని పెట్టా" అన్నాడు. వాడి మనసులో చెడు లేదు. వాడికి చెల్లెలు ఉంది, దాని గురించి భయపడ్డాడు. నాకు నిద్ర పట్టకుండా చేసింది కూడా అదే. చెడ్డవాడైతే తిట్టి ఊరుకుందును.

ఇంకొకటి కూడా ఉంది. మా అమ్మ 1990ల మొదట్లో మా జిల్లాలో నడిచిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీరు. రాత్రి బడికి నన్నూ వెంట తీసుకెళ్లేది. కూలికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్లు. వాచకంలో సారా వల్ల సంసారాలు ఎలా చితికిపోతున్నాయో చెప్పే పాఠాలుండేవి. అవి చదివి, ఇది మన కథే కదా అని మాట్లాడుకున్న ఆడవాళ్లే 1992లో దూబగుంటలో సారా కొట్టు మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. మరుసటి ఏడు అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అక్షరం వస్తే మనిషికి ధైర్యం వస్తుందని, మోసపోడని అమ్మ నమ్మింది. నేనూ ఆ నమ్మకంతోనే ఈ ఉద్యోగంలోకి వచ్చాను. చదవడం, రాయడం బ్రహ్మాండంగా వచ్చిన పిల్లలే ఆ వీడియోను చేతులు మార్చారంటే, మనం నేర్పాల్సింది ఇంకా ఏదో మిగిలిపోయిందని అనిపించింది.

హెచ్‌ఎం గారిని అడిగితే వారానికి ఒక్క పీరియడ్, అదీ శనివారం చివరిది, ఇస్తానన్నారు. "ఎఫ్‌ఏ మార్కులు తగ్గితే మాత్రం నన్ను అడగొద్దమ్మా" అన్నారు. అంతే, ఆర్డరూ లేదు, ప్రొసీడింగ్సూ లేవు.

ఎక్కడ మొదలెట్టాలో తేల్చుకోవడానికి చాలా టైమ్ పట్టింది. పిల్లల్ని ఎత్తుకుపోయే కథతోనే మొదలెడితే వాళ్లు బిగుసుకుపోతారు. వాళ్లకు ఇష్టమైనది, తప్పని తేలితే కాస్త బాధ కలిగించేది కావాలి. వర్షాకాలం అది తనంతట తనే వచ్చింది: ‘భారీ వర్షాల కారణంగా రేపు జిల్లాలోని అన్ని పాఠశాలలకు సెలవు’ అని కలెక్టర్ గారి సంతకంతో ఒక ఫొటో. పిల్లలు ఎగిరి గంతేశారు. దాన్ని పెద్దగా ప్రింట్ తీయించి నలుగురికొకటి ఇచ్చాను. ఇది నిజమా కాదా అని అడగలేదు. ఇందులో మీకు కనిపించేవన్నీ చెప్పండి, అంతే అన్నాను.

మొదట ఎవరికీ ఏమీ కనిపించలేదు. కాసేపటికి ఒక అమ్మాయి తేదీలో ఒక అంకె మిగతావాటికంటే లావుగా ఉందంది. ఇంకొకడు క్యాలెండర్ తెప్పించాడు. ఉత్తర్వులో రాసిన వారం, తేదీ కలవలేదు. ఏడాది మార్చి పాతది అంటించారన్నమాట. ఉత్తర్వు పైన వేసే ఆర్‌.సి. నంబర్ చివర పాత సంవత్సరం అలాగే ఉండిపోయింది. అప్పుడు అడిగాను: నిజంగా సెలవిస్తే ఆ కబురు ఏ దారిన మన బడికి రావాలి? కలెక్టర్ ఆఫీసు నుంచి డీఈవో గారికి, అక్కణ్నుంచి ఎంఈవోకి, ఎంఈవో నుంచి హెచ్‌ఎంకి అని బోర్డు మీద వాళ్లే గీశారు. హెచ్‌ఎం గారి దగ్గరికి ఇద్దరు వెళ్లి అడిగొచ్చారు. అలాంటిదేమీ రాలేదు. అప్పటికి బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. శనివారం చివరి పీరియడ్‌లో అది మామూలు విషయం కాదని ఏ టీచరైనా ఒప్పుకుంటారు.

సోషల్ టీచర్‌కు ఇది కొత్తేమీ కాదు. చరిత్ర పాఠంలో శాసనం గురించి చెప్పేటప్పుడు మనం అడిగే ప్రశ్నలే ఇవి. ఎవరు వేయించారు, ఎప్పుడు, ఎవరి మెప్పు కోసం, ఇంకెక్కడైనా ఇదే సంగతి ఉందా. శాసనానికి అడిగేది ఫోన్‌కు ఎందుకు అడగకూడదు అన్నాను. పిల్లలకు అది వెంటనే ఎక్కింది.

ఆ తర్వాతే కిడ్నాప్ వీడియో దగ్గరికి వెళ్లాం. మీరూ చూసే ఉంటారు. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, బైక్ మీద ఇద్దరొస్తారు, ఒకడు పిల్లాణ్ని ఎత్తుకుంటాడు, బైక్ వెళ్లిపోతుంది. 2018లో దేశమంతా తిరిగింది అదే. దాన్ని క్లాసులో ఒకసారి చూపించి, ఇప్పుడు మీకేమనిపిస్తోందో రాయండి అన్నాను. ‘భయం’, ‘కోపం’, ‘వాళ్లను చంపేయాలి’ అని రాశారు. తర్వాత మొత్తం వీడియో వేశాను. బైక్ మళ్లీ వెనక్కి వస్తుంది. పిల్లాణ్ని జాగ్రత్తగా దించుతారు. చేతిలో ఒక అట్ట విప్పి చూపిస్తారు, కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలు, జాగ్రత్త అని. పాకిస్తాన్‌లో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ కోసం తీసిన ప్రచార చిత్రం అది. చివరి ముక్క కోసేసి మన ఊళ్ల మీదికి వదిలారు.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఒకడు లేచి, "అయితే వాళ్లు పిల్లల్ని కాపాడేవాళ్లా టీచర్?" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే తాము రాసిన కాగితాలు తీసి మళ్లీ చదువుకున్నారు. నేనేమీ చెప్పలేదు.

ఆరోజు నేను చెప్పింది పార్థీ అన్న పేరు గురించి. 1871లో తెల్లవాళ్లు ఒక చట్టం తెచ్చి, కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేశారు. సంచార జాతివాళ్లైన పార్థీలకు ఆ ముద్ర పడింది, మన దగ్గర ఎరుకలవాళ్లకూ పడింది. మన జిల్లాలోనే, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో, అలాంటివాళ్లను తెచ్చి కాపలా మధ్య ఉంచిన సెటిల్‌మెంట్ ఉండేది. ఆ చట్టం 1952లో రద్దయింది, ముద్ర మాత్రం పోలేదు. ఎవరో ఒక పేరు పెట్టి ఫార్వార్డ్ చేయగానే అంత తేలిగ్గా ఎందుకు నమ్మేశామో పిల్లలకు తెలియాలి. ఫొటో ఎడిటింగ్ కనిపెట్టడం ఒక్కటే నేర్పితే సగం పాఠమే అవుతుంది. మన మనసులో ముందే ఉన్న అనుమానానికి ఆసరా దొరికింది కాబట్టే ఆ అబద్ధం పరిగెత్తింది.

అప్పట్లో నేను ఒంటరిదాన్నేమో అనుకున్నాను. కానీ అదే ఏడాది తెలంగాణలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్లకు ఊళ్లు అప్పగించి, డప్పు పాటలతో పుకార్ల మీద ప్రచారం చేయించారని పేపర్లో చదివాను. కేరళలో కన్నూర్ కలెక్టర్ ప్రభుత్వ బడుల్లో సత్యమేవ జయతే అని ఇదే పాఠం మొదలుపెట్టారు. అక్కడ కారణం వేరు. తట్టు, రుబెల్లా టీకా మీద వాట్సాప్ పుకార్లు చూసి, తల్లిదండ్రులు పిల్లలకు టీకా వేయించడానికి వెనకాడారు. ఆ కలెక్టర్‌నూ ఈ పనిలోకి దించింది కళ్లెదుట జరిగిన ఒక నష్టమే.

2020లో ఇంటర్‌న్యూస్, డేటాలీడ్స్ అనే సంస్థలు కలిసి ఫ్యాక్ట్‌శాల అనే శిక్షణ మొదలుపెట్టాయి. కరోనా రోజులు కదా, ఆన్‌లైన్‌లోనే విన్నాను. గూగుల్ లెన్స్‌తో ఫొటో పాతదా కొత్తదా వెతకడం లాంటివన్నీ అక్కడ నేర్చుకున్నవే. కానీ నాకు ఎక్కువ ఉపయోగపడింది ఆ తర్వాత పరిచయమైన టీచర్లతో రాత్రిపూట ఫోన్లో మాట్లాడుకున్న మాటలు.

చిత్తూరు వైపు ఒక బయాలజీ సార్ ఉన్నారు. ఆ ఏప్రిల్‌లో వాళ్ల జిల్లాలోనే, ఉమ్మెత్త కాయలు తింటే కరోనా రాదని టిక్‌టాక్‌లో చూసి, ఆ గింజలు నూరుకు తాగి రెండు కుటుంబాలు ఆస్పత్రి పాలయ్యాయి. "ఉమ్మెత్త విషమని ఏడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడమ్మా, అయినా తాగారు" అని ఆయన మళ్లీ మళ్లీ అనేవారు. ఆయన క్లాసులో అన్నీ ఆరోగ్యం ఫార్వార్డ్‌లే. ఎంత మోతాదు, ఎవరి మీద పరీక్షించారు, ఎవరు చెప్పారు అని మూడు ప్రశ్నలతో పిల్లల్ని ఊపిరాడనివ్వరు.

ఇంకో మ్యాథ్స్ మేడం. వాళ్ల నాన్నగారు రిటైరైన పోస్ట్‌మాస్టర్, లెక్కల్లో పైసా తేడా రానివ్వని మనిషి. కేవైసీ అప్‌డేట్ చేయాలని ఫోన్ వస్తే ఓటీపీ చెప్పేశారు. పోయిన డబ్బుకంటే, ఆ తర్వాత ఆయన ఫోన్ మోగితే ఉలిక్కిపడటం ఆవిడను ఎక్కువ బాధపెట్టింది. ఆవిడ క్లాసులో ప్రతి పిల్లవాడికీ సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబర్ నోటికి వచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల చేత ఆ నంబర్ సేవ్ చేయించి రావడమే హోంవర్క్.

నెల్లూరు టౌన్‌లో ఒక హిందీ టీచర్, ముస్లిం. లాక్‌డౌన్‌లో పండ్లకు ఉమ్ము రాసి అమ్ముతున్నారంటూ పాత వీడియోలు తిరిగినప్పుడు, వాళ్ల బాబాయి తోపుడు బండి దగ్గరికి ఎన్నేళ్లుగానో కొంటున్నవాళ్లే రావడం మానేశారట. ఆయన క్లాసులో గొంతు పెంచరు, తన బాబాయి సంగతి ఎత్తరు. ఈ వీడియో ఎక్కడిది, ఏ తేదీది, ఈ రెండే అడుగుతారు. ఏ వీడియో వచ్చినా సరే ఈ రెండే. ఆ ఓర్పు నాకు లేదు, ఆయన దగ్గర నేర్చుకోవాలని ప్రయత్నిస్తున్నాను.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, ఈ టీచర్లలో ఎవరూ ప్రపంచాన్ని అబద్ధాల నుంచి రక్షిద్దామని మొదలుపెట్టలేదు. తమ వాళ్లకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని మొదలుపెట్టారు. అందుకే అలసిపోలేదు. సర్క్యులర్ వచ్చిందని మొదలెట్టినవాళ్లు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టి, నెల తిరిగేసరికి ఆపేయడం చూశాను.

ఒక్క కారణం మాత్రం నాకు భయం పుట్టిస్తుంది. కొందరు ఫోన్ చేసి, "ఆ పార్టీవాళ్లు చెప్పేవన్నీ అబద్ధాలండీ, పిల్లలకు తెలియాలి" అంటారు. ఏ పార్టీ అన్నది మనిషిని బట్టి మారుతుంది. అలాంటివాళ్లకు నేను మెటీరియల్ పంపను, కాస్త ఆగండి అంటాను. 2019లోనూ, 2024లోనూ ఎన్నికల నెలల్లో నా క్లాసులోకి పార్టీల వార్త ఒక్కటి కూడా రానివ్వలేదు. పిల్లలు అడిగినా రానివ్వలేదు. టీచర్ ఒక పక్షమని ఇంట్లో ఒక్కరికి అనిపించినా, మిగతా పాఠాలన్నీ ఆ ఇంట్లో చెల్లకుండా పోతాయి. మనకు నచ్చిన అబద్ధాన్ని కూడా పరీక్షకు పెట్టగలమా అన్నదే ఇక్కడ అసలు కష్టం. అది పిల్లలకంటే ముందు టీచర్ చేసి చూపించాలి.

క్లాసు నడుస్తున్నకొద్దీ నేను ఊహించని ఇబ్బంది ఇంకొకటి వచ్చింది. పిల్లలు ఏది చూపించినా "ఫేక్ టీచర్" అనడం మొదలుపెట్టారు. పేపర్లో వచ్చింది ఫేక్, టీవీలో వచ్చింది ఫేక్, ఆఖరికి పుస్తకంలో ఉన్నదీ ఫేకేనేమో. అన్నీ నమ్మేవాణ్ని మోసం చేయడం ఎంత తేలికో, ఏదీ నమ్మనివాణ్ని మోసం చేయడం కూడా అంతే తేలిక.

దీనికి మందు 2021 నవంబర్ వరదల్లో దొరికింది. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం 19వ తేదీన నిజంగానే కొట్టుకుపోయింది. ఊళ్లకు ఊళ్లు మునిగిపోయాయి. ఆ వెంటనే మా గ్రూపుల్లో సోమశిల కూడా తెగింది, పారిపోండి అని వాయిస్ మెసేజ్‌లు. ఇది ఫేక్ అని నవ్వేసే విషయం కాదు. పక్క డ్యాం నిన్ననే తెగింది, పెన్నా ఒడ్డు దాటి పారుతోంది. మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఆ వాయిస్ విని, ముందు గ్రామ సచివాలయంలో వీఆర్వో గారికి ఫోన్ చేసింది. డ్యాంకు ఏమీ కాలేదు, కిందికి నీళ్లు ఎక్కువగా వదులుతున్నారు, ఏటి పక్క వీధులవాళ్లు మాత్రం బడికి వచ్చేయండి అని ఆయన చెప్పారు. ఆ మాటే ఆ పిల్ల గ్రూపులో తన గొంతుతో, ఎవరిని అడిగిందో కూడా చెప్పి పెట్టింది. పరిగెత్తాల్సినవాళ్లు పరిగెత్తారు, అక్కర్లేనివాళ్లు ఇళ్లలోనే ఉన్నారు.

అప్పట్నుంచి మా బోర్డు మీద ఇంకో గడి చేరింది: దీనికి ఎవర్ని అడగాలి? తుఫానైతే వాతావరణ శాఖ బులెటిన్, నీళ్లైతే ఇరిగేషన్‌వాళ్లు, మందైతే పీహెచ్‌సీ డాక్టరు గారు, కేంద్ర ప్రభుత్వ పథకమైతే ఆ ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్, తెలుగులో తిరిగే వీడియోలైతే ఫ్యాక్ట్‌లీ లాంటి నిజానిజాలు తేల్చే సైట్లవాళ్లు. ఎవరి మాట ఎందుకు నమ్మొచ్చో చెప్పలేకపోతే ఫేక్ అనే హక్కు కూడా లేదని మా క్లాసు రూలు.

ఇంటి దగ్గర కథ వేరు. పెద్దవాళ్లు పంపింది తప్పని పిల్లలు ఎలా చెబుతారు? ఒకడు వాళ్ల పెదనాన్నతో "అది అబద్ధం" అని అందరి ముందూ అని చెంపదెబ్బ తిన్నాడు. మరుసటి శనివారం దాని మీదే మాట్లాడుకున్నాం. దారి పిల్లలే కనిపెట్టారు. తప్పు అనకూడదు, అడగాలి. "పెదనాన్నా, ఇది నీకు ఎవరు పంపారు? వాళ్లకెవరు పంపారట?" అని మెల్లగా. మెసేజ్ పైన రెండు బాణాలు కనిపిస్తే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని, అందుకే వాట్సాప్ దాన్ని ఒకసారికి ఒక్కరికే పంపనిస్తుందని చూపించడం. పెద్దవాళ్లకు ఆ బాణాలు చూపిస్తే ఆసక్తిగా చూస్తారట. అందరూ కాదు. కొందరు ఫోన్ లాక్కుని పొమ్మంటారు.

పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తల్లి నన్ను నిలదీసింది. "మా పిల్ల ప్రతిదానికీ ఆధారం ఏంటి అని అడుగుతోంది టీచర్, మేం చెబితే చాలదా?" అంది. కోపంగానే అడిగింది. ఆవిడ బాధలో న్యాయం ఉంది. నేను అప్పుడు ఆవిడకు 2018 నాటి ఆ పిల్లవాడి సంగతి చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఆ వీడియో నేనూ పంపాను టీచర్" అంది. ఇప్పుడు ఆవిడ మా ఊరి డ్వాక్రా గ్రూపు మీటింగ్‌లకు మా పిల్లల్ని పిలిపిస్తోంది, లోన్ యాప్‌ల లింకులు ఎలా గుర్తించాలో చెప్పించడానికి.

2023 నవంబర్‌లో రష్మిక ముఖం వేరే అమ్మాయి ఒంటికి అతికించిన వీడియో వచ్చినప్పటి నుంచీ పని ఇంకా కష్టమైంది. లావు అంకె, తప్పు తేదీ వెతికే రోజులు దాటిపోతున్నాయి. ముఖాలు, గొంతులు కూడా అచ్చు గుద్దినట్టు తయారు చేస్తున్నారు. మా ఆడపిల్లలు తమ ఫొటోలు స్టేటస్‌లో పెట్టడానికి భయపడుతున్నారు. ఆ భయాన్ని వాళ్లే క్లాసులో ఎత్తారు. అలాంటిది జరిగితే ముందు ఎవరికి చెప్పాలి, స్క్రీన్‌షాట్ ఎలా దాచాలి, ఎక్కడ ఫిర్యాదు చేయాలి, అన్నిటికంటే ముందు తప్పు నీది కాదని ఇంట్లో ఎవరు అంటారు, ఇవి ఇప్పుడు మా పాఠాలు. దీనికి నా దగ్గర పూర్తి జవాబులు లేవు. బయాలజీ సార్, మ్యాథ్స్ మేడం, హిందీ సార్ కూడా ఇదే తలపట్టుకున్నారు. దసరా సెలవుల్లో నలుగురం మా ఇంట్లో కూర్చుని దీని మీద కొన్ని పాఠాలు రాద్దామనుకున్నాం. పదో తరగతి అమ్మాయిలు ఇద్దరు తామూ వస్తామన్నారు. ఏం రాయాలో మాకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు కాబట్టి రమ్మన్నాను.